పాత లెన్స్ కొత్త కెమెరాకు ఎలా అమరుతుంది?

1954లో జర్మనీలోని లైట్జ్ సంస్థ లైకా ఎం3 రేంజ్‌ఫైండర్ కెమెరాను తెచ్చింది. దాని లెన్స్ నేటి మిర్రర్‌లెస్ కెమెరాకు చక్కగా అమరుతుంది, డీఎస్ఎల్ఆర్‌కు మాత్రం అమరదు. ఎందుకు? కిటుకు లెన్స్ గాజులో లేదు, దూరంలో ఉంది. లెన్స్ బిగించే అంచు నుంచి ఫిల్మ్ దాకా ఎం3లో 27.8 మిల్లీమీటర్లు. లోపల పైకి లేచే అద్దం ఉన్న నికాన్ ఎఫ్‌-మౌంట్ కెమెరాల్లో అది 46.5. అక్కడ పాత లెన్స్ సెన్సర్‌కు కావలసినంత దగ్గరగా చేరలేదు, అందుకే దూరపు కొండలు మసకగానే ఉండిపోతాయి. అద్దం లేని సోనీ ఈ-మౌంట్ కెమెరాల్లో ఆ దూరం 18 మాత్రమే. మిగిలిన 9.8 మిల్లీమీటర్లను అడాప్టర్ అనే లోహపు వలయం పూరిస్తుంది. అందులో గాజు అక్కర్లేదు. ఇంత చిన్న వలయం ఒక మంచి లెన్స్‌కు రెండో జీవితం ఇవ్వడం నాకెంతో అందంగా తోస్తుంది.

ఆటోఫోకస్ ఉండదు కదా అంటారు. మామూలు అడాప్టర్‌తో ఉండదు, నిజమే. కానీ తెరపై బొమ్మను పెద్దది చేసి చూస్తూ లెన్స్‌ను చేత్తో తిప్పితే ఫోకస్ కచ్చితంగా కుదురుతుంది. బలమైన అభ్యంతరం వేరే ఉంది: ఫొటో మూలలు అలుక్కుపోవడం. ఫిల్మ్‌కు బాగా దగ్గరగా కూర్చునే వైడ్ లెన్స్‌ల నుంచి వెలుగు అంచుల్లో ఏటవాలుగా పడుతుంది. ఫిల్మ్‌కు అది పెద్ద ఇబ్బంది కాదు. సెన్సర్ ముందున్న గాజు పలక మాత్రం ఆ కిరణాలను పక్కకు జరుపుతుంది. 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఈ చిక్కు చాలా తక్కువ, కాబట్టి దాంతోనే మొదలుపెట్టండి.