పెరడు లేని వాడలో కూరగాయల తోట

ఇంటితోట మీద వచ్చే వ్యాసాలు ఎక్కువగా మేడ మీది కుండీలతో మొదలవుతాయి. సొంత జాగ, నల్లా నీళ్లు, తీరిక ఉన్నవాళ్ల కోసం రాసినవి అవి. గోడకు గోడ ఆనుకున్న దళితవాడ ఇళ్లకు పెరడు ఎక్కడిది? అక్కడ ఇంటితోట సరదా కాదు, పళ్లెంలోకి కూర తెచ్చుకునే దారి.

రుద్రూర్‌లో చెరుకు, వరి పరిశోధనా స్థానం ఉంది. పక్కనే బోధన్‌లో, శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నిజాంసాగర్ నీళ్లతో పంటలు పండే నేల ఇది. కానీ ఆ నేల ఎవరిది? 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. సాగుభూమిలో వాళ్ల వాటా పది శాతం లోపే.

భూమి లేకున్నా కూర దొరికేది. కలుపు తీయబోయిన ఆడవాళ్లు గంగవాయిలి, పొన్నగంటి, తోటకూర కొంగున కట్టుకొని వచ్చేవాళ్లు. కలుపు మందు వచ్చి కూలినీ, కూరనూ రెండింటినీ దెబ్బకొట్టింది. మందు కొట్టిన గట్ల మీద ఆకు కోయడం ప్రమాదం కూడా. తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చెప్పింది. ఆకుకూర విలువ ఇక్కడే తెలుస్తుంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళితులు, ఈ తిండిని కాపాడి చూపించారు. మందులు లేకుండా అనేక పంటలు కలిపి వేస్తారు, విత్తనం ఇంట్లోనే దాస్తారు, విత్తకుండా మొలిచే ఆకులను కలుపు అనకుండా కూర అంటారు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

జాగ తక్కువున్న ఇంట్లో ఏం చేయొచ్చు?

నీళ్లు: గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్లో మడుగు కట్టకుండా, కంకర, ఇసుక నింపిన చిన్న గుంతలోకి మళ్లించాలి. దాని పక్కన అరటి గానీ మునగ గానీ పెట్టాలి. ఆకుకూరల మీద ఆ నీళ్లు పోయొద్దు.

మట్టి: పాత బియ్యం సంచుల అడుగున రంధ్రాలు చేసి, మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. చెరుకు ఆకును కాల్చకుండా పైన పరవాలి. తడి ఆరదు, కలుపు తగ్గుతుంది. పచ్చి చెత్తను మట్టిలో కలిపితే మాత్రం అది కుళ్లే దాకా మొక్కకు అందాల్సిన నత్రజనిని లాగేసుకుంటుంది.

జాగ: బీర, సొర, చిక్కుడు తీగలను కప్పు మీదికి ఎక్కించొచ్చు. పుంటికూర, తోటకూర సంచుల్లోనే వస్తాయి.

పురుగు: లీటరు నీళ్లలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి.

విత్తనం: హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ వేస్తే అదే కాపు రాదు. నాటు విత్తనం అయితే ఒక కాయను తీగ మీదే ఎండనిచ్చి దాచి, పక్కింటికీ పంచాలి. అలా చేస్తే విత్తనం కోసం దుకాణానికి పోవాల్సిన పని తగ్గుతుంది.

ఇన్ని చెప్పినా, సంచిలో తోటకూర ఎకరం భూమికి సాటి రాదు. దళిత కుటుంబాలకు మూడెకరాలు ఇస్తామని 2014లో మొదలైన పథకం చాలామంది గడప తొక్కలేదు. కాబట్టి ఇంటితోటను భూమి హక్కుకు బదులుగా చూపితే ఒప్పుకోవద్దు. అడగాల్సినవి ఉన్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ ఉండాలంటోంది. అందులో వాడకు పనికొచ్చే మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి పెంచమని గ్రామసభలో అడగాలి. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద వాడకు నీళ్లు, మురుగుకాలువ, ఉమ్మడి తోటకు జాగ కోరాలి. ఈ పనిని విద్యార్థులు మొదలుపెట్టొచ్చు: వాడలో ఏ ఇంటికి ఎంత జాగ, నీళ్లు ఎంత దూరం, ఏ కూర మాయమైంది అన్నది రాసుకొని గ్రామసభకు పోవాలి.