ట్రాక్టరు ముందు బంపరు: ఇంటివద్దనే మార్చుకొను విధానము

బోధనులోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. ఆ తరువాత చెరకు వేయు రైతులు సరుకును దూరపు మిల్లులకు తోలవలసి వచ్చినది. వరి, పసుపు పండించువారికిని ట్రాలీతో నిజామాబాదు దారి పట్టుట తప్పదు. ఇట్టి బరువుల పనిలో ట్రాక్టరు ముందు బంపరు చెడిపోయిన, "సోకుకున్న ఇనుపముక్కయే గదా" అని పలువురు ఉపేక్షింతురు. ఇది పొరపాటు.

బంపరు చేయు పని

బంపరు రేడియేటరును కాపాడును. చాలా ట్రాక్టర్లలో ముందు బరువు బిళ్ళలను మోయునదియు అదియే. నిండు ట్రాలీ లాగునపుడు, ముఖ్యముగా కాలువ గట్టు ఎక్కునపుడు, భారము వెనుక చక్రములపైకి పోయి ముందు చక్రములు తేలికపడును. మొత్తము బరువులో కనీసము ఐదవ వంతు ముందు ఇరుసుపై లేనిచో స్టీరింగు మాట వినదు. ముందుభాగము పైకి లేచి ట్రాక్టరు వెనుకకు తిరగబడవచ్చును. బంపరు విరిగి, బిళ్ళలు తీసివేసి నడుపుట ప్రాణాపాయము.

విప్పుట

ముందురోజు రాత్రి తుప్పు పట్టిన బోల్టులకు డీజిలు పూయుడు. మరునాడు ట్రాలీని విడదీసి, బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, తాళము తీయవలెను. ఇంజను చల్లారనిండు. బిళ్ళలను ఇద్దరు మనుషులు ఒక్కొక్కటిగా దింపవలెను. బంపరు క్రింద చెక్కదిమ్మెలు పేర్చిన పిమ్మటనే బోల్టులు విప్పవలెను. క్రిందివి ముందు, పైవి చివర విప్పుడు. దిమ్మెలు లేకుండ చివరి బోల్టు విప్పినచో బంపరు కాళ్ళపై పడును.

పరీక్ష

బంపరు తగిలించు బ్రాకెట్టును శుభ్రముగా తుడిచి చూడుడు. పగులు గాని, సాగిన రంధ్రము గాని, వంగిన ఇరుసు గాని కనిపించినచో పని అక్కడనే ఆపి మెకానిక్కును పిలువుడు. బ్రాకెట్టు చాలవరకు పోత ఇనుముతో చేసినది. ఊరి వెల్డింగుతో అతికిన చోటనే మరల పగులును.

బిగించుట

పాత బోల్టులు మరల వాడకుడు. తలపై 8.8 అను గుర్తు గల బోల్టు, 4.6 గుర్తు గల సామాన్యపు బోల్టుకు రెండింతలు లాగుడు ఓర్చును. కంపెనీ పుస్తకములో చెప్పిన కొలత, గుర్తు గలవే కొనుడు. అన్ని బోల్టులను మొదట చేతితో ఎక్కించి, తరువాత పానాతో ఎదురెదురుగా కొంచెము కొంచెము బిగించవలెను. ఒక ప్రక్కనే పూర్తిగా బిగించినచో రెండవ ప్రక్క రంధ్రములు కలియవు. స్ప్రింగు వాషరు మరువరాదు.

చివరగా స్టీరింగును రెండు ప్రక్కలకు పూర్తిగా త్రిప్పి, టైరు బంపరుకు తగులుట లేదని చూడుడు. బానెట్టు తెరుచుకొనవలెను, దీపములకు, నంబరు పలకకు అడ్డు ఉండరాదు. బిళ్ళలు మరల ఎక్కించి, ఒక దినము పని చేసిన తరువాత బోల్టులన్నియు తిరిగి బిగించుడు. క్రొత్త బోల్టులు మొదటి దినముననే కొంత వదులగును.

శ్రమ ఒక పూటయే. కాని బిళ్ళలు లేకుండ నిండు ట్రాలీని మాత్రము ఒక్క పూట కూడ తోలకుడు.