పాత పికప్పు బండికి నమ్మదగిన విడిభాగములు

అమెరికా దేశమున రైతులును చిల్లర వర్తకులును వాడుకొనిన చిన్న లారీని పికప్పు అందురు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చుండు గది, వెనుక సరకు వేయుటకు పైకప్పు లేని తొట్టి, ఇంతే దాని రూపము. వీనిలో షెవర్లే వారు 1947 మొదలు 1955 వఱకు నిర్మించిన 3100 అను అర టన్ను బండిని నేటికిని పెక్కుమంది ప్రీతితో కాపాడుకొనుచున్నారు.

ఇట్టి బండికి విడిభాగములు దొరకవని పలువురు తలంతురు. అది పొరపాటు. రేకులు, రబ్బరు పట్టీలు, తొట్టి అడుగున పఱచు చెక్కలు మున్నగునవి క్రొత్తగా చేసి అమ్మువారు నేడును కలరు. దొరకుట కష్టము కాదు. దొరకినది ఆ బండికి తగినదేనా, నమ్మదగినదేనా యని తెలిసికొనుటయే కష్టము.

బ్రేకులనే చూతము. 1950 నాటి బండియు 1951 నాటి బండియు పైకి మిక్కిలి దగ్గఱ పోలిక గలవి. అయినను మొదటిదానికి హక్ పద్ధతి బ్రేకులు, రెండవదానికి బెండిక్స్ పద్ధతి బ్రేకులు. ఒకదాని షూలు మఱొకదానికి పొసగవు. ఇంతేకాక, కొన్ని రాష్ట్రములలో తయారైన సంవత్సరమునకు మాఱుగా అమ్ముడుపోయిన సంవత్సరమునే పత్రమున వ్రాయు వాడుక యుండెను. నడుమ ఏ యజమానియో ఇరుసునే మార్చియుండవచ్చును. కావున పత్రమును నమ్మి తపాలాలో భాగములు తెప్పించువాడు, మోసగించువాడెవడును లేకయే మోసపోవును! చక్రము విప్పి, డ్రమ్ము తీసి, లోన నున్నదానిని చూచి, కొలిచి, పిమ్మట కొనవలెను.

ఇంజనునందును ఇట్టిదే చిక్కు. 1953 వఱకు ఈ బండికి వచ్చిన 216 ఘనపు అంగుళముల ఇంజనులో కనెక్టింగు రాడ్ల బేరింగులు బాబిట్టు అను మెత్తని లోహముతో పోత పోసినవి. 1954లో వచ్చిన 235 ఘనపు అంగుళముల ఇంజనులో నున్నవి విడిగా మార్చుకొనదగిన పెంకులు. దిమ్మపై పోతలో వచ్చిన అంకెలను చదువక కొన్న బేరింగు వ్యర్థమే.

ఇక నాడు తయారై, నేటివఱకు వాడకుండ అట్టపెట్టెలో నిలిచిపోయిన భాగములకు గిరాకి మెండు. గేరు చక్రములు మొదలగు ఇనుప సామగ్రి తుప్పు పట్టకున్నచో మేమును వానినే మెచ్చుదుము. రబ్బరు మాట వేఱు. అది వాడకున్నను వయసుచేతనే గట్టిపడి బీటలు వాఱును. 70 ఏండ్ల బ్రేకు గొట్టము పెట్టెలో నల్లగా నిగనిగలాడుచున్నను, పెడలును బలముగా త్రొక్కినప్పుడు పగులవచ్చును. ఆ కాలపు బండిలో నాలుగు చక్రముల బ్రేకులకును ద్రవమును పంపు మార్గ మొక్కటియే. ఎచ్చట పగిలినను నాలుగును ఒక్కసారిగా పోవును. అసలు సరకు గదా యని మురిసి అట్టి గొట్టమును బిగించుట ప్రాణములతో చెలగాటము. మెఱుగు పెట్టిన ముందు జాలరికి ధనమంతయు వెచ్చించి, గొట్టములకడ పిసినితనము చూపువారిని తలంచిన మాకు నవ్వును వచ్చును, భయమును కలుగును.

పాత బ్రేకు షూల అతుకులలో ఆస్‌బెస్టాస్ ఉండును. ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు గనుక దానిని నోటితో ఊదరాదు, గాలి పంపుతో చిమ్మరాదు.

చక్రములకడ నుండు బ్రేకు సిలిండరులు లోపల గుంటలు పడినను పాఱవేయ నక్కఱలేదు. రంధ్రమును తొలిచి, ఇత్తడి గాని తుప్పు పట్టని ఉక్కు గాని సన్నని గొట్టముగా లోన అమర్చు పనివారు కలరు. లోని రబ్బరు గిన్నెలు మాత్రము క్రొత్తవి వేయవలెను.