ఎడమ కాలి పోటీలు

కుడి కాలి వాటం కుర్రాడు ఎడమ కాలితోనే బంతి తన్నాలి. హైదరాబాదులో ఒకప్పుడు పిల్లలకు ఇలాంటి ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. వాటిని పెట్టించింది బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాబ్.

మరో పోటీలో బంతిని తన కాళ్ల దగ్గరే ఆడించుకుంటూ పరుగెత్తడం నిషేధం. అందిన బంతిని తోటివాడికి అందించాల్సిందే. మొదటి పోటీతో రెండు కాళ్లూ పదునెక్కేవి. రెండో దానితో నలుగురితో కలిసి ఆడే గుణం అబ్బేది. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఆట నియమం మార్చారు, అంతే.

రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది.

సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆయన కంటబడ్డాడు. రోజూ హైదరాబాదుకు వచ్చి ఆడేందుకు ఆ కుర్రాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దె రహీం సాబే ఇచ్చారని చెబుతారు. బలరాం 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడాడు. జకార్తాలో గెలిచిన జట్టులోనూ ఉన్నాడు.

రహీం 1963లో, బలరాం 2023లో కన్నుమూశారు. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు.

ఒక బంతి, పదిమంది పిల్లలు ఉంటే ఎడమ కాలి పోటీ మన ఊరి బడి ఆవరణలోనూ పెట్టవచ్చు. సైకిలు అద్దె ఇచ్చే పెద్దమనిషి ఒకరు ముందుకు రావాలి.