ఒడిలోని బిడ్డయు, వాహనమునందలి కట్టును

గడచిన మాఘమాసమున బంధువుల వివాహమునకై మేమొక అద్దెకారులో ప్రయాణమైతిమి. రెండేండ్ల మా చిన్నపిల్ల ముందరి సీటులో మా ఒడిని కూర్చుండెను. ఊరి పొలిమేరయందు గేదె యొకటి అడ్డము రాగా డ్రైవరు బ్రేకు వేసెను. కారు దేనికిని తగులలేదు, నిలిచినది, అంతియే. అయినను పిల్ల మా చేతులలోనుండి జారి, నుదురు డాష్‌బోర్డునకు కొట్టుకొని బొప్పి కట్టెను. రెండుచేతులతోను గట్టిగా పట్టుకొనియే యుంటిమి గదా, ఎట్లు జారినదని ఆ దినమెల్ల మాకు మనసున నలత. పెండ్లివారింట చూచినవారెల్లరును దిష్టి యనిరి. ఇంటికి వచ్చి లెక్క వేసి చూచిన పిదప అది దిష్టి కాదని తెలిసినది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమున బోవు కారు గోడను ఢీకొనుట, సుమారు 10 మీటర్ల ఎత్తునుండి నేలపై బడుటతో సమానము. కారు నిలిచినను అందలి మనుష్యులు అదే వేగమున ముందునకు బోవుచుందురు. ఆ క్షణమున 10 కిలోల బిడ్డను ఆపవలెనన్న నూరు కిలోలకు మించిన బరువును పట్టగల చేతులుండవలెను. ఏ తల్లి చేతులకు అంత బలము గలదు? ప్రేమకు లోపము లేదు. చేతుల కండలకే హద్దు గలదు.

ఈ సంగతిని మొట్టమొదట శ్రద్ధతో విచారించినవారిలో హ్యూ డి హేవెన్ అను అమెరికా దేశీయుడు ముఖ్యుడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆయన విమానశిక్షణ పొందుచుండగా రెండు విమానములు గాలిలో తాకి కూలెను. ఆయన బ్రతికి బయటపడెను గాని కడుపులోని అవయవములు గాయపడెను. నడుమునకు కట్టుకొన్న పట్టీ బకిలే తనను గాయపరచినదని ఆయన గ్రహించెను. రక్షింపవలసిన వస్తువే హింసించిన, తప్పు దాని కూర్పునందున్నదని ఆయన ఆలోచన. పిదప ఆయన తన వంటయింటిలోనే కోడిగ్రుడ్లను మెత్తని రబ్బరుపై జారవిడిచి పరీక్షించెనట! ఎంత ఎత్తునుండి పడినను, ఆగుచోటు మెత్తగా నుండి మెల్లగా ఆపినచో గ్రుడ్డు పగులదు. ఊరగాయజాడీని గడ్డిలో పొదిగి కూతురింటికి పంపు మనకిది క్రొత్త శాస్త్రము గాదు. 50 మొదలు 150 అడుగుల వరకు ఎత్తునుండి పడియు బ్రతికినవారి వృత్తాంతములను పరిశీలించి ఆయన 1942లో ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాది యయ్యెను.

ఈ సూత్రము హెలికాప్టరునకు మిక్కిలి అవసరమయ్యెను. ఆ యంత్రమును గూర్చి రెండుమాటలు. కీవ్ నగరమున 1889లో పుట్టిన ఇగోర్ సికోర్‌స్కీకి, వైద్యవిద్య నభ్యసించిన ఆయన తల్లి, లియొనార్డో డావించీ కల్పనలను గూర్చి బాల్యముననే చెప్పెడిదట. ఆ బాలుడే పెరిగి అమెరికా చేరి, 1939 సెప్టెంబరు 14న తన వి.ఎస్.-300 హెలికాప్టరును నేలనుండి లేపెను. పై రెక్క యొకవైపు తిరుగుచున్నప్పుడు యంత్రశరీరము రెండవవైపు తిరుగజూచును. దాని నరికట్టుటకే తోకయందలి చిన్న రెక్క. ఇంజను ఆగినను హెలికాప్టరు రాయివలె పడదు. క్రిందనుండి వచ్చు గాలియే రెక్కలను త్రిప్పుచుండును గనుక నేర్పరి దానిని దింపగలడు. అయితే తగినంత ఎత్తును వేగమును లేనప్పుడు అది బలముగా నేలను గుద్దుకొనును. అప్పుడు దెబ్బయంతయు కూర్చున్నవాని వెన్నెముకకే. అందువలన ఇంజనీర్లు ఆసనమునే లొంగునట్లు చేసిరి. దాని క్రింద లోహపు గొట్టములో పట్టీలో యుండి, నియమితమైన బలమునకు మించిన వంగి నలుగును. ఆసనము కొన్ని అంగుళములు క్రిందికి జారును. వెన్నెముక విరుగక నిలుచును. 1974లో మొదటిసారి ఎగిరిన అమెరికా సైన్యపు బ్లాక్‌హాక్ హెలికాప్టరునం దిట్టి ఆసనములు గలవు. తాను నలిగి మనిషిని కాపాడు వస్తువు! ఇంజనీర్ల కల్పనలలో మాకు అన్నిటికంటె నచ్చినది ఇదియే.

ఆకాశమున నేర్చిన పాఠము నేలకు దిగివచ్చినది. స్వీడను దేశమున సాబ్ విమానశాలలో, ఆపదయందు చోదకుని బయటకు విసరు ఆసనములను కల్పించిన నిల్స్ బోలిన్ 1958లో వోల్వో మోటారు కంపెనీలో చేరెను. అంతకుముందు కారులలో నుండిన పట్టీ చాలవరకు నడుమునకు మాత్రమే. అది కడుపును నొక్కెడిది. ఆయన ఒకే పట్టీని భుజముమీదుగా ఱొమ్మునకును, అచ్చటనుండి తుంటికిని నడిపి ప్రక్కన బిగించెను. ఒక్క చేతితో పెట్టుకొనవచ్చును. బలమంతయు మెత్తని కడుపుపై గాక గట్టి యెముకలపై బడును. 1959లో అది కారులలో అమర్పబడెను. కంపెనీవారు ఆ హక్కును తమకే దాచుకొనక ఎల్ల కంపెనీలవారికిని విడిచిరి. ధనమునకై పోరాడు లోకమున ఇట్టిదియు జరిగినదని చెప్పుకొనవలెను.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. ఈ పరీక్షలన్నియు చిరకాలము పురుషుని కొలతతోనే నడచినవి. ప్రమాదపరీక్షలలో ఎక్కువగా వాడు బొమ్మ 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు గల పురుషుడు. స్త్రీ బొమ్మ యనగా ఆ పురుషునే చిన్నగా కుదించి చేసిన, సుమారు 150 సెంటీమీటర్ల ఆకృతి! సగటు స్త్రీ శరీరమును, దాని కూర్పును అనుసరించి ఒక బొమ్మను స్వీడనులో ఆస్ట్రిడ్ లిండర్ అను విదుషీమణియు ఆమె సహచరులును 2022లో చేసి చూపిరి. వంటయింటి గట్టు ఎత్తును గూర్చియు మనలను ఎవరడిగిరి?

ఇక మన యింటి మాట. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ననుసరించి 14 ఏండ్ల లోపు బిడ్డకు బెల్టుగాని తగిన ఆసనముగాని లేనిచో వేయి రూపాయల జరిమానా. జరిమానా స్వల్పము, బొప్పి స్వల్పము గాదు. శిశువును వెనుకకు తిరిగియుండు ప్రత్యేకాసనమున కూర్చుండబెట్టుట మేలు. తల, మెడ, వీపు మూడును ఏకముగా ఆనుటచే దెబ్బ పంచుకొనబడును. అంతరిక్షయాత్రికుల ఆసనమును చూచి స్వీడను వైద్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ 1964 ప్రాంతమున దీనిని కల్పించెను. గాలిసంచి గల ముందరి సీటున మాత్రము ఇట్టి ఆసనము నెన్నడును పెట్టరాదు.

గర్భిణులు బెల్టు వలదందురు, అది పొరపాటు. నడుముపట్టీని కడుపుమీదుగా గాక క్రిందుగా తుంటియెముకలపై నుంచి, పైపట్టీని ఱొమ్ముల నడుమనుండి కడుపు ప్రక్కగా పోనిచ్చిన తల్లికిని బిడ్డకును రక్ష. శాలువ మడతలు పట్టీక్రింద చేరి దానిని వదులు చేయకుండ చూచుకొనవలెను.

అద్దెకారులలో వెనుక సీటునకు తొడుగు వేసి బకిళ్ళను దానిక్రింద దాచుట పరిపాటి. ఇప్పుడు మేము కారు కుదుర్చుకొనునపుడు మొదట అడుగునది వానినే. మొన్న ఒక డ్రైవరు నవ్వి, “వెనుక కూర్చున్నవారికి ఎందుకమ్మా?” యనెను. మేము దిగక అక్కడనే నిలుచుంటిమి. అతడు తొడుగు లాగి, లోపల దుమ్ము పట్టియున్న బకిలును వెదకి తీసి, తన తువాలుతో తుడిచి పిల్లకు తానే పెట్టెను.