రియాల్ రేటు పెరిగే వరకు ఆగాలా?



గల్ఫ్‌లో ఉన్న మన సోదరులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇప్పుడే పంపమంటారా, రేటు పెరిగాక పంపమంటారా?" పేద పిల్లల ఫీజులు ఈ జవాబు మీద ఆధారపడి ఉంటాయి. అందుకే కొంచెం వివరంగా చెప్పదలిచాము.

సౌదీ రియాల్ 1986 నుండి డాలరుకు 3.75 చొప్పున, యు.ఏ.ఈ. దిర్హమ్ 1997 నుండి 3.6725 చొప్పున స్థిరంగా ఉన్నాయి. డాలరు 60 రూపాయలుంటే రియాల్ 16 రూపాయలు. 75 ఉంటే 20 రూపాయలు. కాబట్టి రియాల్ రేటు మారిందంటే, మారింది డాలరుతో రూపాయి విలువే.

ఈ విలువను ముందుగా అంచనా వేయడానికి ధరల పెరుగుదల, వడ్డీ రేట్లు, డబ్బు సరఫరా ఆధారంగా ఆర్థికవేత్తలు నమూనాలు తయారుచేశారు. 1983లో రిచర్డ్ మీస్, కెన్నెత్ రోగాఫ్ అటువంటి నమూనాలను డాలరు రేట్ల మీద పరీక్షించారు. వాటికి పోటీగా "ఈరోజు రేటే రేపటికీ ఉంటుంది" అనే మామూలు లెక్కను పెట్టారు. సంవత్సరంలోపు అంచనాల్లో ఆ నమూనాలు ఈ మామూలు లెక్కను మించలేకపోయాయి. తర్వాతి కాలపు అసలు వడ్డీ రేట్లు, ఇతర అంకెలు ముందే అందించినా ఫలితం అంతే.

కారణం కష్టమైనదేమీ కాదు. అందరికీ తెలిసిన సంగతులన్నీ ఈరోజు రేటులోనే కలిసిపోయి ఉంటాయి. రేటును కదిలించేది ఇంకా రాని వార్త. 2013 మే నెలలో 55 రూపాయల దగ్గరున్న డాలరు, అమెరికా కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు తగ్గిస్తుందన్న వార్తతో ఆగస్టు చివరికి 68 దాటింది. ఇంకా పెరుగుతుందని ఆగినవారికి అక్టోబరులో 62 కూడా కష్టంగా దొరికింది.

చాలా ఏళ్ల లెక్కలో మాత్రం ధరల సూత్రం కొంత నిజమే. మన దేశంలో ధరలు ఎక్కువగా పెరగడం వల్ల రూపాయి విలువ తగ్గుతూ వచ్చింది. కానీ అదే కాలంలో ఫీజులు, పుస్తకాల ఖర్చు కూడా పెరిగాయి కదా! ఆగినందువల్ల విద్యార్థికి మిగిలేది తక్కువ.

అందుచేత మా విన్నపం మూడు మాటలు. ఫీజు కట్టేది రూపాయల్లో గనుక మీ వాగ్దానాన్ని రూపాయల్లోనే చేయండి. ఒకేసారి కాకుండా నెలనెలా పంపితే మంచి రేటూ, తక్కువ రేటూ కలిసి సరిపోతాయి. సంవత్సరం నిండిన జకాత్‌ను రేటు కోసం ఆపకండి. జూన్‌లో కట్టాల్సిన ఫీజు డాలరు కోసం ఆగదు.