కొబ్బరి రైతుకు టెలిఫోన్ జవాబు: కంప్యూటర్ అనుసంధానంలో పాటించవలసిన జాగ్రత్తలు

సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటలలో గుర్తించారు. అటుపిమ్మట అది గోదావరి జిల్లాలకు వ్యాపించినది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల రైతు మొదట చూచునది పురుగును కాదు, ఆకులపై పేరుకొనిన నల్లని మసిని. వెంటనే రసాయనిక మందు పిచికారీ చేసినచో, తెల్లదోమను అదుపుచేయు ఎన్కార్షియా అనే మిత్రకీటకము కూడా నశించును. అందువలన సరియైన సలహా సకాలంలో అందుట ముఖ్యము.

2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్‌లో 1800-180-1551 నంబరుకు ఫోను చేసిన రైతుకు సలహాదారులు మాతృభాషలో జవాబిచ్చుచున్నారు. తరచుగా వచ్చు ప్రశ్నలకు స్వయంచాలిత టెలిఫోన్ వ్యవస్థ రాత్రింబవళ్ళు జవాబు చెప్పగలదు. అయితే అది పలుకు మాట కంప్యూటర్‌లోని సమాచారముపై ఆధారపడి యుండును.

రైతు 5 అంకె నొక్కినపుడు 770, 1336 హెర్ట్‌జ్ గల రెండు స్వరములు ఒకేసారి వెలువడును. స్వర యంత్రము వాటిని అంకెగా గుర్తించి కంప్యూటర్‌కు పంపును. 1988లో వెలువడిన ఐబీఎం ఏఎస్/400 వంటి మధ్యతరగతి వ్యాపార కంప్యూటర్లకు ఈ అనుసంధానమును రెండు విధములుగా చేయవచ్చును. మొదటి విధములో స్వర యంత్రము 5250 టెర్మినల్ వలె నటించి, తెరపై నిర్ణీత స్థానములోని అక్షరములను చదువుకొనును. తెర అమరిక మారినచో ఒక వివరమునకు బదులు మరొకటి రైతు చెవిన పడును. రెండవ విధములో ప్రశ్నను డేటా క్యూ ద్వారా ప్రోగ్రామునకు అందించి, జవాబు సంకేతమును, తేదీని తిరిగి పొందుదురు. ఇది మేలైన పద్ధతి.

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ క్రింది జాగ్రత్తలు పాటించవలెను.

1. ప్రశ్నలను "ఆకులపై నల్లని మసి" వంటి రైతు మాటలలోనే రికార్డు చేయవలెను.

2. ప్రతి సలహాకు గడువు తేదీ నిర్ణయించవలెను. గడువు మీరినను, కంప్యూటర్ కొన్ని క్షణములలో బదులీయకున్నను, పాత సందేశమును వినిపించక ఫోనును సలహాదారునికి మళ్ళించవలెను. సలహాదారు లేని వేళలలో రైతు నంబరును నమోదు చేసికొని, మరునాడు తిరిగి ఫోను చేయవలెను.

3. "ఇవేవీ కావు" అను అంకెను నొక్కిన వారి సంఖ్యను గ్రామముల వారీగా ప్రతి వారము పరిశీలించవలెను. ఆ సంఖ్య పెరిగినచో తోటలో కొత్త సమస్య తలెత్తినదేమో క్షేత్ర పరిశీలనతో తెలిసికొనవలెను.

యంత్రమునకు తన సలహా పాతబడినదని తెలియదు. నిన్నటి మాటనే నేడును అంతే ధీమాగా పలుకును. కావున దాని సమాచారమును అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము వంటి స్థానిక కేంద్రముల శాస్త్రవేత్తలు క్రమము తప్పక సరిచూచుట అవసరము.